తోటదాకా పన్నెండు పలకలు

మా బత్తాయి తోట తొలికాపు కాసిన ఏడాది, ఆ తోటను పెంచిన మనిషి దాన్ని కళ్లారా చూడలేకపోయింది. ఆ మనిషి నా భార్య. చూడలేకపోయింది నా బండి వల్ల. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చానా రోజులు పట్టింది. అందుకే ముందే చెప్పేస్తున్నా.

మేముండేది గిద్దలూరులో. తోట కొమరోలు దాటినాక, తారురోడ్డు దిగి నాలుగు మైళ్లు లోపలికి పోవాల. దాన్ని దారి అనడం పేరుకే. అంతా రాళ్లు, గుంతలు, నడుమ ఒక వంక. వంకలో నీళ్లు ఎప్పుడోగాని ఉండవు, బండగుండ్లు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. ఆటోవాణ్ణి అడిగితే దండం పెట్టి పోతాడు. ట్రాక్టరెక్కితే ఒళ్లు హూనం.

మొక్కలు నాటిన మూడో ఎండాకాలం బోరు ఎండిపోయింది. ఆకులు ముడుచుకుంటా ఉంటే ఈమె అన్నం ముందర కూర్చోని లేచిపోయేది. అప్పుడు నేను పెద్ద మొనగాడి మాదిరి మా డీజిల్ జీపుబండిని మార్కాపురం తోలకపోయి ఎత్తు లేపించినా. వంకలో గుండ్లు అడుగున తగలకుండా రెండంగుళాలు లేపినారు. నీళ్ల డ్రమ్ముల బరువుకు కుంగకుండా వెనక కమాన్లలో, అదే స్ప్రింగు పట్టీల్లో, ఇంకో పట్టీ వేయించినా. దొరికిన వాటిలోకెల్లా గట్టి షాక్ అబ్జార్బర్లు బిగించినా. ఎవరన్నా బండి వైపు చూస్తే చాలు, ఆపి మరీ చెప్పేవాణ్ణి.

రోజుకు రెండు ట్రిప్పులు, రెండు నెలలు నీళ్లు తోలినాం. నేను తోలేది. ఆమె వెనక సీట్లో కూర్చోని, నడుం తిప్పి, ఒక చెయ్యి వెనక్కి చాపి డ్రమ్ములు పడిపోకుండా పట్టుకునేది. పోయేటప్పుడు బరువుంటాది కాబట్టి బండి అణిగి పోయేది. వచ్చేటప్పుడు డ్రమ్ములు ఖాళీ. ఖాళీ బండికి వెనక అంత గట్టిదనం ఉంటే గుంత గుంతకూ ఎగరేసి కొడతాది. ఆ కొట్టుడు ముందు సీటుకు తెలీదు. "ఎట్లుంది?" అని అద్దంలో చూసి అడిగేవాణ్ణి. "బాగనే ఉంది, నువ్వు దారి చూసుకో" అనేది. మొక్కలు బతికినాయి. ఆమె నడుం పోయింది.

కర్నూలులో ఆపరేషన్ అయింది. కూర్చోని ప్రయాణం చేయొచ్చు, కుదుపులు మాత్రం తగలగూడదు అన్నాడు డాక్టరు. ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఎనిమిది నెలల్లోనే చెట్లు పూసినాయి, పిందెలు పడినాయి, కాయలు నిండినాయి. నేను ఫోన్లో వీడియో తీసుకోనిపోయి చూపిస్తే మొహం పక్కకు తిప్పుకుంది.

"ఫోన్లో చూసేదానికేనా నేను నీళ్లు మోసింది? చెట్టు మీద చూడాల."

"పోదాం పా మరి."

"నీ బండికో దండం, నీకో దండం. నేనెక్కను."

ఇంకో మూడు వారాల్లో వ్యాపారస్తులు వచ్చి కాయ కోసుకోనిపోతారు. ఆలోపల ఆమెను తోటకు తీసుకపోవాల. తొలికాపు మళ్లీ రాదు గదా. రోజూ పొద్దున లేచి కొమరోలు వైపు మబ్బుందా ఎండుందా అని చూసుకునేది. 

సరే, వెనక షాకులు మారిస్తే పోలా అనుకున్నా. అనుకున్నదే తడవు ఫోన్లో వీడియోలు చూడ్డం మొదలుపెట్టినా. ఎత్తు లేపిన బండ్లకు ఏవి మంచివి, గ్యాసువా, ఆయిలువా, మీట తిప్పి గట్టి మెత్త చేసుకునేవా, ఎంత పొడుగు, ఎంత లావు. వారం తిరిగేసరికి నాకంటే తెలిసినోడు ఈ జిల్లాలో లేడనిపించింది. ఆ తెలివి నెత్తికెక్కించుకోని మార్కాపురంలో మెకానిక్ భాయ్ దగ్గరికి పోయినా.

ఈ భాయ్ ముప్పై ఏళ్లుగా బండ్ల కింద పడుకోని బతికిన మనిషి. ఎంత అరిచినా కోపం రాదు. అందుకే ఆయన్ను చూస్తే నాకు కోపమొస్తాది. టీ తెప్పించి, గ్లాసు నా చేతికిచ్చి, అడిగినాడు.

"వెనక ఎవరు కూర్చుంటారన్నా?"

"ఎవరు కూర్చుంటే ఏంది? బండి చూడు భాయ్."

"బండి నాకు తెలుసన్నా, నేనే లేపిన బండి. కూర్చునే మనిషి ఎవరో చెప్పు."

"మీ వదిన. నడుం ఆపరేషన్ అయింది."

ఆయన గోడకు ఆనించిన వాటిలోంచి ఒక జత తీసినాడు. సన్నగా, నల్లగా, ఏ ఆర్భాటం లేనివి. ఆయిలువి. "ఇవి చాలన్నా, మెత్తగా పోతాయి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత చదువుకోనొస్తే ఈ నల్లకడ్డీలా? పక్కన గ్యాసువి ఉన్నాయి, లావుగా, నిగనిగలాడతా. "అవి బరువులు మోసే బండ్లకన్నా" అంటున్నాడు, నేను వినలేదు. "నాకు చెప్పొద్దు భాయ్, నేను నలభై వీడియోలు చూసినా" అన్నా. ఆయన నవ్వి, "అచ్ఛా, నీ ఇష్టం" అని అవే బిగించినాడు. గిద్దలూరు దాకా తోలకొస్తే బండి తేలిపోతున్నట్టుంది. ముందు సీట్లో.

ఇంటికొచ్చి, "ఇంక చూడు, పూలపల్లకీ" అన్నా. ఆమె గోడ పట్టుకోని లోపలికి పోయి, మంచం కింద నుంచి ఒక మూట లాగమనింది. విప్పితే పలకలు. చుట్టూ చెక్కలు బిగించని ఉత్త పలకలు, పన్నెండు. ఈమె పుట్టినిల్లు మార్కాపురం. పెళ్లి కాకముందు పలకల కార్ఖానాలో పనిచేసిన పిల్ల. పలక మీద వేలి కణుపుతో కొట్టి, మోత విని, లోపల సన్న పగులుందో లేదో చెప్పేస్తాది. పని మానేసి నా ఇంటికొచ్చేటప్పుడు గుర్తుగా తెచ్చుకున్నవి అవి. పిల్లలను కూడా ముట్టుకోనిచ్చేది కాదు.

"ఇవి నా సీట్లో పెట్టు. ఒకదాని మీద ఒకటి, పడేసినట్టు. తోటదాకా పోయి రా. పన్నెండూ మోగితే నేనొస్తా."

"పలకలకూ నీకూ పోలికేంది?"

"అవి అబద్ధం చెప్పవు."

మరుసటిరోజు పొద్దున బయల్దేరినా. గుడ్లు తీసుకపోతున్నోడి మాదిరి తోలినా. గుంత కనపడితే ఆగి, దిగి, చూసి, మళ్లీ ఎక్కి. ఇంటికొచ్చి మూట ఆమె ముందర పెట్టినా. ఒక్కోటి తీసి కొట్టింది. మూడు మోగలేదు. వాటిలో ఒకటి ఆమె చేతిలోనే రెండు ముక్కలయింది. అరుస్తాదేమో అనుకున్నా. అరిచినా బాగుండేది. ముక్కలు తీసి కొంగులో పెట్టుకోని, "తొమ్మిదున్నాయిలే" అనింది. 

ఇంకో వారం పోయింది. ఆ ముక్కల్లో ఒకటి జేబులో వేసుకోని భాయ్ దగ్గరికి పోయినా. ఆయన దాన్ని చేతిలో తిప్పి చూసి, నేను చెప్పిందంతా విని, నవ్వలేదు. "చెప్పినా గదా" అని కూడా అనలేదు. బండి తాళం అడిగినాడు.

"ఎక్కన్నా. ముందు కాదు. వెనక, వదిన కూర్చునే చోట."

ఆ బండి నా దగ్గరుంది ఎన్నో ఏళ్లుగా. ఆ సీట్లో నేనెన్నడూ కూర్చోలేదు. ఎందుకు కూర్చుంటా, తోలేది నేను గదా. కూర్చుంటే కింద మెత్తగా ఏదో తగిలింది. నాలుగు మడతలు పెట్టిన బొంత. ఆమె పాతచీరలతో కుట్టుకున్నది. దుమ్ము తగలకుండా పరుచుకునిందేమో అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. తలుపు మీద పట్టుకునే పిడి ఉంటాది గదా, నా పక్కది గరుగ్గా కొత్తదాని మాదిరే ఉంటాది. ఈ పక్కది అరిగి నున్నగా అయిపోయింది.

భాయ్ ఊరి బయట రాళ్లదారిలోకి తిప్పినాడు. ఇరవై దాటకుండానే తోలినాడు. మొదటి గుంతకు పళ్లు టకటకలాడినాయి. రెండోదానికి పిడి పట్టుకున్నా. మూడోదానికి వెన్నులోంచి తలదాకా ఏదో దిగినట్టయింది.

"చాలు భాయ్, ఆపు."

"ఇంకా అరకిలోమీటరు కూడా పోలేదన్నా."

ఆపినాడు. నేను దిగలేదు. ఆ బొంత మీదనే కూర్చోని ఏడ్చినా. యాభై దాటినోణ్ణి, మెకానిక్ ముందర ఏడ్చినా, సిగ్గేంది చెప్పడానికి. రెండు నెలలు, రోజుకు రెండు ట్రిప్పులు, నడుం తిప్పి, డ్రమ్ము పట్టుకోని. బాగనే ఉంది, నువ్వు దారి చూసుకో. డ్రమ్ములు పడకుండా ఉండేదానికి ఏం కావాలో అన్నీ చూసినా నేను. డ్రమ్ములు పట్టుకున్న మనిషిని చూడలేదు.

భాయ్ తువ్వాలిచ్చి, బయట నిలబడి కాసేపు కొండల వైపు చూసినాడు. తర్వాత షెడ్డుకు తీసుకపోయి పని మొదలుపెట్టినాడు. డ్రమ్ముల కోసం వేసిన కమాను పట్టీ తీసేసినాడు. లావువి విప్పి ఆ నల్లవే బిగించినాడు, రెండంగుళాలు పొడుగైనవి. బండి లేపినాక పొట్టివి వేస్తే చక్రం గుంతలో దిగినప్పుడు సాగడానికి చాలక టక్కున కొడతాదంట. "ఆ ఎత్తే తీసిపారెయ్ భాయ్, దాని మొహం చూడబుద్ధి కావడంలే" అన్నా. "తీసేస్తే వంకలో అడుగు తగుల్తాది, ఆ దెబ్బ వదినకు తగలదా?" అన్నాడు. ఈసారి నోరు మూసుకోని విన్నా.

మరుసటిరోజు ఇంటి నుంచి మిగిలిన తొమ్మిది పలకలు తీసుకోని మళ్లీ తోటకు పోయినాం. భాయే తోలినాడు, నేను వెనక. పలకలు నా పక్కన ఆమె సీట్లో. నిజంగానే బండి మారిపోయింది. గుంతలో దిగుతాది, లేస్తాది, కానీ కొట్టదు. వంక దాకా ఒక్క చప్పుడు లేదు. వంకలోకి దిగేటప్పుడు ముందు చక్రం ఒక గుండు మీదికెక్కి జారింది. నేను ఆలోచించలేదు. పలకలన్నిటినీ రెండు చేతులా కావలించుకోని రొమ్ముకు ఆనించుకున్నా. వంక దాటినాక చూసుకుంటే ఇంకా అట్లనే పట్టుకోని ఉన్నా. భాయ్ అద్దంలో చూసినాడు.

సాయంత్రం ఆమె మంచం మీద కూర్చోని తొమ్మిదీ కొట్టి చూసింది. తొమ్మిదీ మోగినాయి. మొహం వెలిగింది. అంతలోనే నా చొక్కా వైపు చూసింది. రొమ్ము మీద బూడిదరంగు గీతలు, పలకల పొడి.

"పట్టుకున్నావా?"

లేదనొచ్చు. అంటే రేపే బండెక్కేది. నాలుక చివరిదాకా వచ్చింది.

"వంకలో పట్టుకున్నా" అన్నా.

"అయితే లెక్కలోకి రాదు."

 కోతకు ఇంక నాలుగు రోజులే ఉంది. ఆమె పలకలు మూట కట్టింది. ముడి వేసింది. విప్పింది. మళ్లీ వేసింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"ఎట్ల పట్టుకున్నావు?"

చూపించినా. గాలిని కావలించుకోని నిలబడితే నాకే నవ్వొచ్చేట్టుంది, ఆమె నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది.

"సరే, పోదాం. తోలేదానికి వేరే మనిషిని చూసుకో. నువ్వు వెనక కూర్చో."

శుక్రవారం నమాజు చేసుకోని భాయ్ వచ్చినాడు. దుకాణానికి ఆ రోజు సెలవు. వదిన కోసం అని ఇంట్లోవాళ్లు కట్టిచ్చిన సేమియా డబ్బా కూడా తెచ్చినాడు. ఆమెను మెల్లగా ఎక్కించి బొంత మీద కూర్చోబెట్టినాం. నేను పక్కన కూర్చోని ఆమె నడుం వెనకాల చెయ్యి పెట్టినా. తారురోడ్డు దిగంగనే ఆమె చెయ్యి దానంతట అదే పిడి మీదికి పోయింది.

కొంచెం దూరం పోయినాక అడిగినా. అద్దంలో కాదు, పక్కనుంచి.

"ఎట్లుంది?"

"బాగ..." అని ఆగింది. నా మొహంలోకి చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ చూపు నేనెరగను.

"నొప్పిగానే ఉందయ్యా. నెమ్మదిగా పొమ్మను."

"భాయ్, నెమ్మదిగా" అని అరిచినా. అరుపుకు భాయ్ ఉలిక్కిపడినాడు. నొప్పి అనింది గదా అని బాధపడాల్సినోణ్ణి, నాకేమో ప్రాణం లేచొచ్చినట్టయింది. అప్పటినుంచి ఆమె చెప్తానే ఉంది. ఇక్కడ ఆపు, ఇటుపక్క పోనియ్యి, ఈ రాయి వద్దు. భాయ్ ఆమె చెప్పినట్టల్లా చేసినాడు. మనుషులు నడిచినట్టు నడిచింది బండి. ఒక గొర్రెల మంద మా వెనకాలొచ్చి, మమ్మల్ని దాటుకోని ముందుకు పోయింది. "నీ బండి దర్జా చూడు" అని ఆమె నవ్వితే నడుం పట్టేసి, అబ్బా అని, మళ్లీ నవ్వింది.

వంక దగ్గర నా చొక్కా పట్టుకోని కళ్లు మూసుకుంది. దాటినాక కూడా తెరవలేదు. తోట గేటు దగ్గర బండి ఆగినాక చెప్పినా, తెరువు అని.

తెరిచి తోట వైపు చూసింది. దిగి, నా భుజం పట్టుకోని మొదటి చెట్ల సాలు దాకా నడిచింది. కాయల బరువుకు కొమ్మలు నేలకు వంగినాయి. ఒక కాయను చేత్తో కింద నుంచి పట్టుకుంది, తెంపలేదు. వదిలిపెట్టి ఇంకోటి పట్టుకుంది. కొంచెంసేపు ఈ చెట్టు కిందనే కూర్చుంటా, బొంత తీసుకురాపో అనింది. పరిగెత్తినట్టే పోయి తెచ్చి, రాళ్లు ఏరేసి, పరిచినా.