కరివేపాకు చెట్టుకు పోసిన పాలు

మా అక్క షరీఫాబీ నెమ్మదస్తురాలని తిరువూరులో అందరూ అంటారు. డెబ్భై నాలుగులో ఆమె బెజవాడ బస్సెక్కిన రోజు చూడనివాళ్ళే ఆ మాట అనేది.

అక్కకు ఏడో నెలలోనే కాన్పయింది. మగపిల్లాడు, గుప్పెడంత ఉన్నాడు. ఊళ్ళో డాక్టరు వెంటనే బెజవాడ తీసుకుపొమ్మన్నాడు. మేం దూదేకులవాళ్ళం. ఏకిన దూదిలో పిల్లాణ్ణి చుట్టుకుని బావ సలావుద్దీన్, అతని తల్లి మస్తాన్‌బీ టాక్సీలో పోయారు. ఆసుపత్రిలో వాణ్ణి వెచ్చటి గాజుపెట్టెలో పెట్టారు. బావ అక్కడే వరండాలో ఉండిపోయాడు, మస్తాన్‌బీ తిరిగొచ్చింది. అక్క లేచి కూర్చోగలిగాక తానూ వెళతానంది. చిల్లా నలభై రోజులు నిండకుండా బాలింత గడప దాటితే పిల్లాడికే కీడని మస్తాన్‌బీ కదలనివ్వలేదు.

ఈలోగా అక్కకు పాలు పడి, రొమ్ములు గడ్డకట్టి జ్వరమొచ్చింది. పిండిన పాలు నలుగురూ తొక్కేచోట పడితే తల్లికి పాలు ఇంకిపోతాయట! అందుకని పూటపూటా గిన్నెలోకి పిండించి, పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసి వచ్చేది ఆ మహాతల్లి. పిల్లాడేం తాగుతున్నాడని అక్క అడిగితే, డాక్టర్లు చూసుకుంటారులే అనేది.

ఒకరోజు బావ బట్టల కోసం వచ్చి, వాకిట్లోనే తల్లితో గుసగుసలాడాడు. డబ్బాపాలు పిల్లాడికి ఇమడడం లేదట, కక్కేస్తున్నాడట. తల్లిపాలు పడితేగాని బతకడని, ఆ తల్లి ఏదని నర్సు హన్నమ్మ రోజూ తిడుతోందట. ఈ సంగతి పెళ్ళానికి చెప్పొద్దని మస్తాన్‌బీ అంటే సరేనని తలూపాడు! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. అక్కకు తోడుగా ఉండి ఆ మాటలు విన్న నేను తిన్నగా లోపలికి పోయి అక్కతో అంతా చెప్పేశాను.

అక్క ఏడవలేదు. చెవులకు గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మస్తాన్‌బీ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఏనాడూ అత్తను మీరు తప్ప నువ్వు అనని మనిషి, ఆవేళ అంది:

"నా బిడ్డ అక్కడ ఆకలికి మాడుతుంటే ఇక్కడ చెట్టుకు పోశావు. ఇంక తప్పుకో."

ఆమె తప్పుకుంది. బావ మా వెనకాలే వచ్చాడు.

ఆ రోడ్డు సంగతి చెప్పేదేముంది, గుంతలో పడ్డప్పుడల్లా అక్క ముందు సీటు కమ్మీ పట్టుకుని పళ్ళు బిగించింది. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ సాయంత్రం రమ్మన్నాడు. నేను గొంతు చించుకుంటే హన్నమ్మే బయటికొచ్చింది. ఇన్నాళ్ళకు గుర్తొచ్చాడా అని అక్కను కడిగేసింది. అత్త చేసిన పనికి మా అక్క తిట్లు తింది, తింటూనే లోపలికి నడిచింది.

పిండిన పాలు సన్నటి గొట్టంలోంచి పిల్లాడి కడుపులోకి పోశారు. అందరం చూస్తూ నిలబడ్డాం. ఈసారి కక్కలేదు. సాయంత్రం పోసినప్పుడూ కక్కలేదు.

అప్పుడు బావ మెల్లగా దగ్గరికొచ్చి, అమ్మ బాధపడుతుంది, చివరి బస్సుకి ఇంటికి పోదాం, రేపు మళ్ళీ రావచ్చు అన్నాడు. అక్క గాజుపెట్టె మీంచి చెయ్యి తియ్యలేదు.

"మీరు వెళ్ళండి. మనవడి కడుపులో పాలు నిలిచాయని మీ అమ్మకు చెప్పండి. ఎవరి పాలో కూడా చెప్పండి."