లైన్లో ఉన్న శాంపిల్

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో నేను టేకులపల్లి వైపు ఒక ప్రభుత్వ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒకరోజు ఓ కోయ గూడెం నుంచి కూతురు తన తల్లిని ఆటోలో తీసుకొచ్చింది. తల్లికి ఊపిరి ఆడటం లేదు. పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది.

"చలికాలంల వచ్చి తగ్గింది గద మేడం. మళ్లెట్ల వస్తది? గిది వేరే రోగమా ఏంది?" అంది కూతురు.

మా డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "వైరస్ రూపం మార్చుకుందేమో. గూడెంల ఇంకా కొందరికి జ్వరాలంట. శాంపిల్ హైదరాబాద్ పంపుదాం. దాని జన్యువులు చదివితే గాని తెల్వది."

తల్లిని కొత్తగూడెం పెద్ద దవాఖానాకు పంపించాం. శాంపిల్‌ను ఐసు డబ్బాలో సర్ది జీపులో పెట్టాను. దారిలో ఐసు కరిగిపోతుందేమోనన్న దిగులు జీపు కనుమరుగయ్యాక మొదలైంది.

అంతకన్నా పెద్ద దిగులు జూలూరుపాడులో ఉంది. పాలు తాగే నా బిడ్డను అమ్మ దగ్గర వదిలి డ్యూటీకి వస్తున్నాను. ముక్కులో పుల్ల పెట్టినప్పుడు ఆ తల్లి నా ముఖం మీదే దగ్గింది. పాత రకమైతే టీకా కాస్తుందని ధైర్యం. కొత్తదైతే? ఇంటికి పోలేదు. దవాఖానా వెనక క్వార్టర్లోనే ఉండిపోయాను. పాలు గడ్డకట్టి రొమ్ములు సలిపేవి. పిండి పారబోసేదాన్ని.

"పిల్ల సీసా పట్టుకుంటలేదు. జల్దీ రా బిడ్డా," అని అమ్మ ఫోన్ చేసేది.

"రిజల్ట్ రానీ అమ్మా."

"ఎప్పుడొస్తదంట?"

"తెల్వదు."

టీవీలో మాత్రం ఎక్కడో విదేశంలో కొత్త రకం బయటపడిందనీ, వారం తిరక్కుండా దాని గుట్టంతా చదివేశారనీ చెబుతున్నారు. హైదరాబాద్ ల్యాబ్‌కు ఫోన్ చేస్తే అలసిపోయిన గొంతు పలికింది. "అన్ని జిల్లాల నుంచి వస్తున్నయ్ మేడం. చదివే మిషన్లు కొన్నే. మీది లైన్ల ఉంది."

"ఇక్కడ జ్వరాలు పెరుగుతున్నయ్ సార్."

"అవ్ మేడం. అందరూ గదే అంటున్నరు."

డాక్టరమ్మ ఇక ఎదురుచూడలేదు. కొత్త రకమే అనుకొని, జ్వరమొచ్చినవాళ్లను వేరుగా ఉంచడానికి గూడెం బడిలో మంచాలు వేయించింది. అప్పటికే జ్వరం పట్టిన ఆ కూతురి పెదనాయన దక్కలేదు. తల్లి మాత్రం బతికి ఇంటికొచ్చింది. నాకు జ్వరం రాలేదు. పరీక్ష మళ్లీ మళ్లీ చేసి డాక్టరమ్మ "ఇంక పో" అన్నాక ఇల్లు చేరాను. బిడ్డ నన్ను చూసి అమ్మమ్మ భుజంలో ముఖం దాచుకుంది. మళ్లీ రొమ్ము పట్టలేదు.

వానలు ముదిరాక జవాబు వచ్చింది. అప్పటికి దేశమంతా చుట్టేసిన కొత్త రకమే. కూతురికి ఫోన్ చేసి చెప్పాను.

"గా ముచ్చట అప్పుడే తెలిస్తే మా పెదనాయన బతుకుతుండెనా మేడం?" అని అడిగింది.