హరలాంపి గీసిన తెల్లగీత

హరలాంపి ఏ పనీ ఒక్కసారితో ముగించడు. బల్గేరియాలోని బెర్కోవిత్స ఊరి చివర, కనుమ దారి మొదలయ్యే చోట ఉన్న లారీల షెడ్డులో ఆయన ముప్పై ఏళ్లుగా మెకానిక్. ఆ ముప్పై ఏళ్లలో ఆయన నోటినుంచి ఎక్కువసార్లు వచ్చిన మాట ఒక్కటే: "ఇంకొక్కసారి చూద్దాం."

షెడ్డుకు తాళం వేస్తాడు, లాగి చూస్తాడు, పది అడుగులు వేస్తాడు, వెనక్కి వచ్చి మళ్లీ లాగుతాడు. తన పెళ్లిలో, చర్చి ఆచారం ప్రకారం తలమీద కిరీటాలు పెట్టి, గురువు వధూవరుల్ని బల్లచుట్టూ మూడుసార్లు తిప్పాక, "ఇంకొక్కసారి తిరుగుదామా, స్వామీ?" అని అడిగాడట. ఆయన భార్య ఈ కథ అందరికీ చెప్పి, "నాలుగోసారి కూడా తిరిగాం కాబట్టే ఇన్నాళ్లూ ఊడిపోలేదు" అంటుంది.

ఇక లారీ సంగతి చెప్పేదేముంది! చిన్న సుత్తితో ప్రతి చక్రానికీ ఉన్న ప్రతి నట్టునూ కొట్టి, కళ్లు మూసుకుని వింటాడు. గట్టిగా ఉన్నది టింగుమంటుంది. అప్పుడు నట్టు మీదనుంచి చక్రం మీదికి తెల్లరంగుతో సన్నగీత గీస్తాడు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనబడుతుంది. అన్నీ అయ్యాక, తాళంచెవి ఇచ్చేముందు, డ్రైవరు బూటు మీద కూడా ఒక దెబ్బ కొడతాడు.

"నా బూటేం చేసింది, బాబాయ్?" అని అడిగాడోసారి ఓగ్న్యాన్.

"ఏం చెయ్యకుండా చూస్తున్నా."

ఓగ్న్యాన్ ఆ షెడ్డు డ్రైవర్లలో గొప్ప అనుకరణ కళాకారుడు. భోజనాల దగ్గర చెంచాతో పళ్లెం మీద కొట్టి, కళ్లు మూసి, "ఇంకొక్కసారి" అనేవాడు. బల్ల బల్లంతా పగలబడి నవ్వేది. ఒక చలికాలం కిరిల్ అనే డ్రైవరు లారీకి ముందు చక్రంలో ఒక్క నట్టు టింగుమనకుండా టుక్కుమంది. హరలాంపి విప్పితే బోల్టు రెండు ముక్కలై అరచేతిలోకి వచ్చింది. సిమెంటు బస్తాల లోడుతో కనుమ దిగాల్సిన బండి అది. కిరిల్ ముసలాయన చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. ఓగ్న్యాన్ ఆ పూట కూడా పళ్లెం వాయించాడు. మనిషికి బుద్ధి రావాలంటే తన బోల్టే విరగాలి.

జూలైలో సెయింట్ ఇలియా పండుగ వచ్చింది. ఓగ్న్యాన్ మామగారి పేరు ఇలియా, కాబట్టి అది ఆయన పేరు పండుగ. పేరు పండుగకు ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్లను పొమ్మనరు. చివరి అతిథి లేచేదాకా అల్లుడు లేవకూడదు. ఆ ఏడు చివరి అతిథి పోస్టుమాస్టరు. ఆయన లేచేసరికి తెల్లవారుజాము నాలుగు. మామగారి ద్రాక్ష సారా సీసాలు మాత్రం అంతకుముందే పడుకున్నాయి.

ఆరింటికల్లా ఓగ్న్యాన్ షెడ్డులో ఉన్నాడు. రాజధాని సోఫియా మార్కెట్టుకు నిండుగా పుచ్చకాయల లోడు. హరలాంపి చక్రాలన్నీ వాయించి, చివర బూటు మీద కొట్టాడు. తల వంచి విన్నాడు. మళ్లీ కొట్టాడు.

"వెనక ఎడమ బ్రేకు తేడాగా ఉంది. విప్పాలి."

"నిన్ననే చూశావుగా, బాబాయ్! మార్కెట్టు తొమ్మిదికల్లా అయిపోతుంది!"

"ఇంకొక్కసారి చూద్దాం. నువ్వు క్యాబిన్‌లో కూర్చో." తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

ఓగ్న్యాన్ కళ్లు తెరిచేసరికి పదిన్నర. ముందు అద్దం మీద ఎవరో తడి గోనెసంచి కప్పారు. పక్క సీటులో గిన్నెడు బోటీ చారు, వెల్లుల్లి, వెనిగరు వాసనతో. ముసలాయన మధ్యాహ్నం కూడు మరిచిపోయాడనుకుని ఓగ్న్యాన్ కసిగా చివరి చుక్కదాకా తాగాడు. దొంగతనంగా తాగానన్న తృప్తి కూడా పడ్డాడు.

అప్పుడు గానీ హరలాంపి తాళంచెవి ఇవ్వలేదు. మార్కెట్టు చేరేసరికి కొనేవాళ్లు ఇళ్లకు పోయారు. పుచ్చకాయలు ఎండలో మిగిలాయి. ఓగ్న్యాన్ ఆ సాయంత్రమే యజమానురాలు రదోస్తినకు ఒకటిన్నర పేజీల ఉత్తరం రాశాడు: ఈ చాదస్తపు మెకానిక్‌ను తీసెయ్యాలి, లేకపోతే కంపెనీ మునుగుతుంది. ఏడుగురు సంతకం చేశారు. కిరిల్ మాత్రం తన పెన్ను పోయిందన్నాడు. ఓగ్న్యాన్ తన పెన్ను ఇవ్వబోతే, అదీ పోయేదేనన్నాడు.

మూడోరోజు రదోస్తిన పిలిచింది.

"సోమవారం నుంచి ఆయన్ని ఇంటికి పంపేస్తున్నా. అడిగితే తనే ఒప్పుకున్నాడు, 'చేతులు నెమ్మదించాయమ్మా, తప్పు నాదే' అని. ఆ బ్రేకు ఎలా చేశాడో నువ్వు ఒకసారి చూసిరా."

ఓగ్న్యాన్ ఉత్సాహంగా వెళ్లి వెనక ఎడమ చక్రం ముందు కూర్చున్నాడు. పది నట్ల మీదా తెల్లగీతలు చెక్కుచెదరలేదు. నట్ల చుట్టూ సందుల్లో నెలనాటి బురద ఎండి ఉంది. బ్రేకు చూడాలంటే విప్పాల్సిన ఆ చక్రాన్ని ఎవరూ విప్పనే లేదు!

"దొరికాడు!" అనుకుంటూ ఆఫీసుకు పరిగెత్తాడు. మెట్లెక్కుతూ మాటలు కూర్చుకున్నాడు: "నాలుగున్నర గంటలు ఆయన ఏం చేశాడో అడగండి, మేడం!" మూడో మెట్టు మీద ఆ ప్రశ్న అతని వైపే తిరిగింది. ఆ నాలుగున్నర గంటలు తనేం చేశాడు?

గుర్రుపెట్టి నిద్రపోయాడు.

జూలై ఎండలో బోటీ చారు ఎవరు తాగుతారు? మత్తు దిగడానికి, ముందురాత్రి పూటుగా తాగినవాడు తప్ప! ఓగ్న్యాన్ చెవులు భగ్గుమన్నాయి. ఆ మత్తుతో, ఆ లోడుతో కనుమ దిగి ఉంటే పుచ్చకాయలు ఏ లోయలో మిగిలేవో! కిందికి దిగి పారిపోదామనుకున్నాడు. కానీ పైన ముసలాయన్ని ఇంటికి పంపే సోమవారం కూర్చుని ఉంది.

"చూశావా?" అంది రదోస్తిన.

"చూశాను, మేడం. బ్రేకు బాగానే ఉంది. ఆ రోజు బాగాలేనిది నేను. మామగారి పేరు పండుగ..."

ఆమె బల్ల మీది ఉత్తరం తీసింది. "ఇలా ఆయన ఎంతమందిని ఆపాడు?"

"మా అందరికీ బూట్లున్నాయి, మేడం."

ఆమె ఉత్తరం తిరిగి అతని చేతిలో పెట్టింది. "ఆయన ఎక్కడికీ పోడు. ఇది నువ్వే తీసుకెళ్లి ఇవ్వు. పుచ్చకాయల కాలం అయ్యేదాకా బండి ఎక్కకు. కడుగు."

హరలాంపి ఉత్తరం నిలబడి చదివాడు. మళ్లీ చదివాడు. చెవి మీది పెన్సిలు తీసి ఒకచోట దిద్దాడు.

"నాలుగు గంటలని రాశావు. నాలుగున్నర."

"ముందే చెప్పొచ్చుగా, బాబాయ్! తాగొచ్చావు, పడుకో అని!"

"చెబితే 'నేను బాగానే ఉన్నా' అంటావు. వదులైన నట్టు కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది."

ఓగ్న్యాన్ తల దించుకున్నాడు. "తప్పయింది. నన్ను క్షమించు."

ముసలాయన కళ్లు మూసుకుని, తల ఓరగా వంచి విన్నాడు.

"ఇంకొక్కసారి."

"నన్ను క్షమించు, బాబాయ్."

"ఊఁ. మోగింది." కుంచె డబ్బాలో ముంచి, ఓగ్న్యాన్ బూటు మీద సన్నగా ఒక తెల్లగీత గీశాడు. "ఇక పో, లారీలు కడుగు."

ఓగ్న్యాన్ నీళ్ల గొట్టం వైపు నడిచాడు. సరిగ్గా పది అడుగులు వేశాడు.

"ఆగు," అంటూ వెనకనుంచి సుత్తి పట్టుకుని వస్తున్నాడు హరలాంపి.