మొలకెత్తిన శుభలేఖ

మా అమ్మాయి పెళ్లికి విత్తనాల కాగితం మీద శుభలేఖలు వేయించడం నా ఆలోచనే. కాగితపు గుజ్జులో ఎర్ర తోటకూర గింజలు కలిపి ఆరబెడతారట. పెళ్లయ్యాక కార్డును తడిమట్టిలో పెడితే మొక్కలొస్తాయట. ఆవగింజలో పావువంతు లేని గింజ, ఏనుగంత అచ్చుయంత్రం కింద నలిగి బతుకుతుందా? నేను నమ్మలేదు. రంగూన్ పబేడాన్ పేటలో ప్రెస్సాయన మాత్రం పసిబిడ్డను అప్పగించినట్టు కట్టను నా చేతుల్లో పెట్టి, నీళ్లు తగలనివ్వొద్దని బర్మాభాషలో ముప్పైసార్లు చెప్పాడు.

తగలనివ్వలేదు. పసుపు రాశాం, అంతే. నాలుగు మూలలా తడిపసుపు పెట్టకుండా శుభలేఖను గడప దాటించే తెలుగువాడు రంగూన్‌లో ఇంకా పుట్టలేదు. పసుపు కూడా నీళ్లే అని ఎవరికి తోస్తుంది? దొంతరగా పేర్చి దేవుడి గూట్లో పెట్టాం. బయట వారం పొడుగునా వాన.

నాలుగోనాటి పొద్దున మా ఆవిడ పెట్టిన కేకకు ఊరి ఆ చివర ఇన్సేన్‌లో రైళ్లు ఆగిపోయి ఉంటాయి.

"ఏటండీ ఇది! కార్డులకి కాళ్లొచ్చీసినాయి!"

మిగతా చుట్టాలకు ఫోనులో చెప్పుకోవచ్చు. కాలవ అవతల ట్వంటే ఊళ్లో ఉన్న మా ఆవిడ అన్నగారితో మాత్రం కుదరదు. మా గృహప్రవేశానికి ఫోనులో పిలిచామని అలిగి, ఈసారి చేతికి కార్డు అందకపోతే కాలవ దాటనన్నాడు. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకురావలసిన మేనమామ ఆయనే.

"మావ రాపోతే నాను బుట్టెక్కను నాన్నా," అంది అమ్మాయి. పెళ్లి ఐదు రోజుల్లో ఉంది.

మొలకెత్తిన కార్డుల్లో ఒకదాన్ని టిఫిను మూతలో పెట్టుకుని పడవెక్కాను. చూడటానికి జనమంతా నా వైపే ఒరిగారు, పడవా ఒరిగింది. నేనూ అప్పుడే సరిగ్గా చూశాను. దారం కన్నా సన్నని కాడ. దాని నెత్తిన బియ్యపుగింజంత ఆకులు రెండు. వాటిమీద, కాగితంలోంచి పెళ్లగించుకొచ్చిన చిన్న ముక్క. దాని మీద "శ్రీరస్తు"లోని "శ్రీ" చెక్కుచెదరకుండా ఉంది. కొండను ఎత్తినవాళ్ల కథలు చాలా విన్నాను కానీ, శ్రీకారాన్ని మోస్తున్న తోటకూరను చూడటం అదే మొదలు. తల వంచి దానికి దండం పెట్టాను. నేను! మా ఆవిడ చూసుంటే డాక్టరుకు ఫోను చేసేది.

బావ మూతలోకి తొంగిచూశాడు.

"పెళ్లికి పిలవమంటే మేత తెచ్చీసేవేటి బావా?"

"పసుపు రాసేం బావా. మొలిసీసింది."

ఆయన ఇంకా ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. వంగి, "శ్రీ" కనబడగానే ఊపిరి తగిలితే ఎగిరిపోతుందేమోనని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పెళ్లికి పాలికల్లో నవదాన్యాలు సల్లి, మొలకలు రావాలని మొక్కుతాం. ఇదేటి, పిలుపే మొలిసీసింది!"

లోపల్నించి మట్టి పాలిక తెచ్చి, అడుగున బురద పరిచి, కార్డును అందులో పడుకోబెట్టాడు.

"ఇది నీ సేతిలో బతకదు. నానే తెస్తాను."

తెచ్చాడు. పెళ్లినాడు బుట్టలో మా అమ్మాయి, ఆమె ఒళ్లో పాలిక, కింద మోస్తూ, చెమటలు కక్కుతూ మా బావ.

"మెల్లగా, మెల్లగా," అన్నాడు వెనక పట్టుకున్నవాళ్లతో.

"నాను బానే ఉన్నాను మావా," అంది అమ్మాయి.

"నీ కోసం కాదే. శ్రీ పడిపోద్ది."