హాఫ్ టైమ్‌లో దొరికిపోయిన కథ

క్రికెట్ చూస్తూ నేను కందిపప్పు అమ్మగలను. రాయగడలో మా కిరాణా కొట్టు గోడకి టీవీ పెట్టించింది ఆ ధీమాతోనే. బౌలరు వెనక్కి నడిచి, బంతిని ప్యాంటుకి రుద్దుకుని, ఫీల్డరును అటు జరగమని ఇటు జరగమని చెప్పి పరుగెత్తుకొచ్చేలోగా పప్పు తూచి, పొట్లం కట్టి, గుడారి ఊరి నుంచి వచ్చినవాళ్లని అక్కడి వానల సంగతి కూడా అడగొచ్చు. ఓవరు అయితే ప్రకటనలు. అప్పుడు నా కథ. నా కథలన్నీ ఆ సందుల్లోనే పెరిగి పెద్దవయ్యాయి. టికిరి సంతలో ఎలుగుబంటి నాతో బెల్లం బేరమాడిన కథ ఒక వన్డే మొత్తం నడిచింది. మొదటి ఓవర్లలో అది మగది, చివరికొచ్చేసరికి పిల్లల తల్లి. ఒక్కరూ అడగలేదు. మధ్యలో వికెట్లు పడ్డాయి మరి.

కబడ్డీ అయినా నయమే. కూతకి వెళ్లినవాడితోపాటు మనమూ ఊపిరి బిగబట్టి, వాడు గీత తాకగానే వదిలేయొచ్చు. టెన్నిస్ మెడనొప్పికి మంచిది. ఫుట్‌బాల్‌లో మాత్రం మనిషి మాట దూర్చడానికి సందు లేదు. ఏమీ జరగదు, ఏమీ జరగదు, ఇంకా ఏమీ జరగదు. ఆవలింత వచ్చి కళ్లు మూస్తే, ఆ కాస్తలోనే గోలు.

ఈ ఆటను మా ఇంటికి తెచ్చింది మా అమ్మాయి. కోరాపుట్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, అక్కడ ఆడపిల్లల జట్టులో ఆడుతుంది కూడా. చిన్నప్పుడు నా కథలకి దానంత మంచి శ్రోత లేదు. ఇప్పుడు సెలవులకి వస్తే నేను నోరు తెరవగానే చెయ్యి అడ్డం పెడుతుంది. ఈసారి అదీ దాటింది. నేను మాట్లాడితే తనకి ఆట కనబడటం లేదట; ఇక మ్యాచులు స్నేహితురాలి ఇంట్లో చూస్తానంది.

పిల్ల వచ్చేదే నాలుగు రోజులు. ఆ సాయంత్రాలు కూడా పరాయి సోఫాకి పోతే నాకు మిగిలేది కొట్టూ, పప్పూ. బతిమాలి ఒప్పందానికి తెచ్చాను. ఆట నడుస్తున్నంతసేపూ నేను నోరెత్తకూడదు. హాఫ్ టైమ్ నాది. మాట తప్పితే ఆమె వెళ్లిపోతుంది.

మొదటి సగమంతా ఇంట్లో టీవీ ముందు నేను పెదాలు బిగించి కూర్చున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి వెళ్లింది.

హాఫ్ టైమ్ రాగానే అందుకున్నాను. నేను రైల్వే గ్రౌండులో గోల్‌కీపరుగా ఆడే రోజుల్లో, అవతలి గోలు ముందు నిలబడి ఒక్క తన్ను తన్నితే బంతి గోడ దాటి, కదులుతున్న గూడ్సులో బొగ్గు మీద పడింది. బండి విజయనగరం పోయింది. రిఫరీ నియమాల మనిషి. బంతి నేలకి తగిలేదాకా ఈల ఊదనన్నాడు. రెండు జట్లూ ఎక్కడివాళ్లక్కడే దుప్పట్లు తెప్పించుకుని...

"ఆగు నాన్నా," అంది. "మొన్న క్రికెట్ సూస్తూ సెప్పినప్పుడు, బండి ఎదురు దిక్కున టిట్లాగఢ్ ఎల్లిందన్నావు."

"మధ్యలో ఇంజను మార్చేరమ్మి."

"సరే. నువ్వు గోల్‌కీపరువి కదా, అవతలి గోలు కాడ నీకేటి పని?"

క్రికెట్ అయితే ఈపాటికి బౌలరు వచ్చి నన్ను కాపాడేవాడు. ఇక్కడ టీవీలో కోట్లు వేసుకున్న పెద్దమనుషులు తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. నా కథను ఎవరూ ఇంతసేపు ఏకబిగిన వినలేదు. వెలుతురుకి ఎత్తి పట్టిన గోనెసంచిలా అందులో చిల్లులన్నీ కనబడుతున్నాయి. ప్రకటనలు తొందరగా అయిపోవాలని బతుకులో మొదటిసారి మొక్కుకున్నాను.

ఈల వినబడింది. బతికాననుకుని నోరు మూసి, టీవీ వైపు వేలు చూపించాను. ఆమె అటు తిరగలేదు.

"ఆట మొదలెట్టేరమ్మి," అన్నాను గుసగుసగా.

"ఆడనీ. నువ్వెందుకెళ్లేవో సెప్పు."

చెప్పక తప్పలేదు. ఆ రోజు మా సెంటర్ ఫార్వర్డుకి పెళ్లి. అందుకని అతని చోటు కూడా నేనే కాసుకుంటున్నాను. తాళి కట్టగానే అతను పీటల మీంచి లేచి, మధుపర్కాలతోనే మైదానానికి బయల్దేరాడు. వెనకాల సన్నాయి మేళం, ఆ వెనక పెళ్లికూతురు, ఆ వెనక వియ్యాలవారు. వాళ్లని లెవెల్ క్రాసింగు గేటు దగ్గర ఆపి ఊపిరి తీసుకుంటున్నానో లేదో, టీవీలో ఊరు ఊరంతా అరిచినట్టు అరిచారు.

గోలు. వేసింది మా అమ్మాయి అభిమానించే జట్టే. ఆటగాళ్లు ఒకడి మీద ఒకడు కుప్పగా పడిపోయారు. సాయంత్రమంతా ఆమె కాచుకున్న ఆ గోలు పడేటప్పుడు ఆమె నా మొహం చూస్తోంది.

లేచి నిలబడింది. ఇక వెళ్లిపోతుందనుకున్నాను. ఒప్పందం నేనే తప్పానా, తను తప్పించిందా అని వాదించే ధైర్యం కూడా లేదు. తెర వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత రిమోటు తీసి శబ్దం తగ్గించి, టీవీకి వీపు పెట్టి, నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది.

"గోలు మళ్లీ మళ్లీ సూపిస్తారులే," అంది. "పెళ్లికొడుకు బూట్లు ఏసుకున్నాడా, పారాణి కాళ్లతోనే వచ్చేసేడా?"