విమానం ముక్కులో బెల్లం

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువెంత అని ఎవరైనా అడిగితే తూకం వేసినట్టు చెప్పగలను. రెండు బస్తాల బెల్లం. చిత్తూరు మండీలో పుట్టి పెరిగినవాడికి రెండు బస్తాలు ఒక లెక్కా అంటారేమో. మండీలో మోయడానికి హమాలీలు ఉంటారు. ఈ బరువును మాత్రం ఎవరి వీపు మీదికీ ఎత్తలేకపోయాను.

ఈ పత్రికలో ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఈ ఏర్పాటు ఇద్దరికీ మంచిదే. ముందుగా ఒక మాట. నేను పెంచి చెప్పే మనిషిని. పొద్దున నేను పట్టిన చేప సాయంత్రానికి మొసలి అవుతుంది. విమానం గురించి రాసేటప్పుడు ఇక్కడా నా చెయ్యి ఆగదు. తప్పు గురించి రాసేటప్పుడు తులం కూడా కలపను.

అవును, విమానమే. నాదీ, మా బావదీ. ఎనభైల మొదట్లో మా జిల్లాలో మోటారు సైకిలున్నవాడే జమీందారు. అట్లాంటి రోజుల్లో మాకు విమానం ఉండేది. ఒకటే ఇంజను, ఆరు సీట్లు, తెల్లటి ఒంటి మీద ఎర్ర చార. నీలగిరి తేయాకు తోటల ఆసామి ఒకాయన కళ్లు సరిగా ఆనక అమ్మేస్తుంటే ఇద్దరం కలిసి కొన్నాం. రేణిగుంట విమానాల మైదానంలో దాన్ని దింపిన రోజు తిరుపతి సగం ఖాళీ అయిందని నేను చెబుతుంటాను. సగం కాదు లెండి. తిరుచానూరులో పూలమ్మేవాళ్లు మాత్రం బుట్టలతో సహా వచ్చిన మాట నిజం.

దాని తోక చూసి అందరూ నవ్వారు. మామూలు విమానానికి తోక రెక్కలు ఒంటికి ఆనుకుని కిందనే ఉంటాయి. దీనికి వాటిని నిలువు తోక కొసన, ఇంటి దూలం ఎత్తులో అడ్డంగా బిగించారు. వెనక నుంచి చూస్తే అచ్చం ఇంగ్లీషు 'టీ' అక్షరం. పూజ చేయడానికి వచ్చిన పూజారి, తోకకు కుంకుమ పెట్టాలంటే నిచ్చెన తెమ్మన్నాడు. మా మండీ గుమాస్తా చుట్టూ తిరిగి చూసి, "తోక తలకిందులుగా బిగించినారప్పా. అమ్మినోడు మోసం సేసినాడు" అని తేల్చేశాడు. ఎవరేమన్నా సరే, ఆ తోకను చూసినప్పుడల్లా నేను జానెడు ఎత్తు పెరిగేవాణ్ణి.

ఇక మా బావ. అక్క మొగుడు. పలమనేరులో బస్సులు తిప్పేవాడు. బెంగుళూరు పోయి విమానం తోలడం ముందు నేర్చుకున్నది ఆయనే. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అ ఆలు దిద్దించింది కూడా ఆయనే. మాట తక్కువ, జాగ్రత్త ఎక్కువ. బస్సయినా విమానమయినా చుట్టూ ఒక ప్రదక్షిణ చేయనిదే ఎక్కడు. ఆ తోక గుణం ఆయనకు తెలిసినంతగా దాన్ని తయారు చేసినవాళ్లకు కూడా తెలిసి ఉండదు. ఒకరోజు రెక్క నీడలో కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పినాడు. తక్కిన విమానాలకు ముందున్న ఫ్యాను గాలి తోక మీద కొడుతుంది, ముక్కు తొందరగా లేస్తుంది. దీని తోక ఆ గాలికి అందనంత పైన ఉంది. బాగా పరుగెత్తితే గాని మాట వినదు. ముక్కులో బరువుంటే అసలే వినదు.

"ఎద్దులబండికి ముందర బరువెక్కువైతే ఏమైతాది?" అని అడిగినాడు.

"కాడి ఎద్దు మెడ మీద కూర్చుంటాది."

"అంతే. ముక్కులో ఇంజను ఎనక సామాన్ల అర ఉండాదే, మనిద్దరం ముందు కూర్చున్నప్పుడు దాంట్లో తలదిండు కూడా పెట్టొద్దు."

నా ముత్తాత కాలం నుంచి బెల్లం బండ్లు కట్టిన వంశం మాది. ఆ మాట నాకు అర్థం కాలేదని చెప్పుకునే వీలు లేదు.

అయినా పెట్టాను. ఎందుకు? బెంగుళూరులో మా సరుకు కొనే దళారులు నవ్వారని. బెల్లం మండీవాడికి విమానమెందుకు, ఈగలు తోలుకోడానికా అన్నారట. వాళ్ల ముందు విమానం దిగి, ఆకాశంలోంచి వచ్చిన బెల్లం దిమ్మను ఒక్కొక్కడి ఒళ్లో పెట్టాలనుకున్నాను. ఎండాకాలం. బెంగుళూరు పోవాలని నేను ముందుగా రేణిగుంట చేరాను. బావా అక్కా వచ్చేలోపు రెండు బస్తాల దిమ్మలు ముక్కు అరలో పేర్చి మూత వేసేశాను.

బావ వచ్చి, అలవాటుగా చుట్టూ తిరిగినాడు. ముక్కు దగ్గర ఆగి, అర పిడి మీద చెయ్యి వేసి నా వైపు చూసినాడు.

"ఈడ సూసినావా?"

"సూసినా బావా. ఖాళీ."

ఆయన చెయ్యి తీసేసినాడు. నా మాట విన్నాక ఇక తెరిచి చూడటం నన్ను అవమానించడమని అనుకున్నాడు కాబోలు. ఆ తీసేసిన చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తెరిచి ఉంటే ఏమయ్యేది? రెండు తిట్లు, ఒక నవ్వు. అంతటితో పోయేది కదా.

ముందు మేమిద్దరం, వెనక మా అక్క ఒక్కతే. విమానం పరుగెత్తింది. మామూలుగా లేచే చోటు దాటిపోయింది. బావ లాగుతున్నాడు. ముక్కు లేవలేదు. నేలకు అంటించినట్టు ఉంది. చివరి కంచె మా మీదికి పరుగెత్తి వస్తోంది. దాని ముళ్లు ఒక్కొక్కటీ నాకు తాటిచెట్టంత కనిపించాయి. ఎందుకు లేవడం లేదో ఆ విమానంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ తెలిసినవాడి నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "లాగు బావా, లాగు."

ఆయన లాగలేదు. ఇంజను తగ్గించి బ్రేకులు తొక్కేసినాడు. మైదానం చివర గడ్డిలోకి పోయి ఆగాం. ఎవరికీ గీత కూడా పడలేదు. వెనక సీట్లో మా అక్క ఏడుకొండలవాడి పేర్లన్నీ అయిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

సాగనంపడానికి వచ్చిన చుట్టాలూ మండీవాళ్లూ పరుగెత్తుకొచ్చారు. బావను, అక్కను నీడలోకి తీసుకుపోయారు. విమానాన్ని నేను తిప్పుకొస్తానని ఒక్కణ్ణే మిగిలిపోయాను. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. విమానం చాటున నిలబడి దిమ్మలన్నీ పొదల్లోకి విసిరేశాను. ఆ ఏడు రేణిగుంట చీమలు ఏడు తరాలకు సరిపడా పెళ్లిళ్లు చేసుకుని ఉంటాయి.

నా తప్పు ఇంతవరకే అయితే ఈ కాగితం ఖర్చు చేసేవాణ్ణి కాదు. బెల్లం దాచడం గొప్ప చూపించుకోవాలన్న కక్కుర్తి. ఆ తర్వాత చేసింది వేరు. విమానాన్ని మైదానం మొదటికి తోలుకొచ్చి, ఎవరూ అడక్కుండానే, ఎవరినీ ఎక్కించుకోకుండా మళ్లీ పరుగెత్తించాను. పిచ్చుకలా లేచింది. మైదానం సగమైనా వాడుకోలేదు. పైన ఒక చుట్టు తిరిగాను. చాలదని ఇంకో చుట్టు తిరిగాను. ఎందుకు ఎగిరాను? నా అబద్ధానికి సాక్ష్యం కావాలి కాబట్టా? లేక బావకంటే గొప్పవాణ్ణి అనిపించుకునే అవకాశం కాళ్ల దగ్గర పడి ఉంటే తీసుకోకుండా ఉండలేకపోయానా? రెండోదే. మొదటిదని రాయబోయి ఆగాను.

దిగేసరికి చప్పట్లు. బెంగుళూరులో దిగాక బావకు వేయాలని అక్క తెచ్చిన దండ నా మెడలో పడింది. బావ జనాన్ని తోసుకుంటూ వచ్చినాడు. ఆయన ముఖంలో అసూయ లేదు. ఉంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది.

"తప్పు దాంట్లో లేదప్పా," అన్నాడు. "నా సేతిలో ఉండాది. ఇంక నువ్వే తోలు."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "ఏం కాలేదులే బావా. ఈ ఎండకి ఎవురికైనా సెయ్యి వణుకుతాది."

నా జీవితంలో ఇంతకంటే నీచమైన మాట నేను అనలేదు. దాన్ని ఎంత ప్రేమగా అన్నానో.

బావ మళ్లీ ముందు సీట్లో కూర్చోలేదు. ఎక్కితే వెనకే, చేతులు ఒళ్లో పెట్టుకుని. జిల్లాలో నా పేరు మోగిపోయింది. ఆ తోకను లొంగదీసిన మొనగాడు అన్నారు. పలమనేరు మీదుగా నేను ఎగిరితే ఆవులు కూడా తలెత్తి చూసేవని చెప్పాను, నమ్మారు. ఇప్పటికీ బావ కారు తోలుతుంటే మొగిలి ఘాటు రోడ్డు దగ్గర మా అక్క ఆపించి, "నువ్వు దిగు, డ్రైవరు తోలతాడు" అంటుంది. బస్సులు తోలి బతికిన మనిషి దిగి వెనక సీట్లోకి పోతాడు. ఎవరైనా నా గురించి అడిగితే, "మా వాడి సెయ్యి బంగారం" అంటాడు. ఆ మాట విన్నప్పుడు నా ఛాతీ ఉబ్బుతుంది. ఉబ్బినందుకు సిగ్గేస్తుంది. సిగ్గుపడ్డాక కూడా ఉబ్బుతూనే ఉంటుంది. ఏం చేయమంటారు?

ఇన్నాళ్లూ నేను గొప్ప చెప్పుకున్నాను. ఇప్పుడు మా బావ గొప్ప చెబుతాను. ఆ రోజు ఆ సీట్లో నేనుండి ఉంటే ఆపేవాణ్ణి కాదు. అంతమంది చూస్తుండగా ఆపడానికి నా పరువు ఒప్పుకునేది కాదు. కంచెదాకా లాగుతూనే ఉండేవాణ్ణి. మా అక్క ఈ పొద్దు బతికి ఉండేది కాదు. భయపడి ఆపినాడన్నారు. లేవని విమానం లేవదని ఆ కాస్తలో తెలుసుకోవడం, పక్కన ఒకడు లాగు లాగు అంటుంటే వినకపోవడం, ఎంతమందికి చేతనవుతుంది? మా జిల్లాలో పైలట్ అనదగినవాడు ఒకడే పుట్టాడు. ఆయన పలమనేరులో కారు వెనక సీట్లో కూర్చుంటున్నాడు.

ఎదురుగా కూర్చుని చెప్పాలని ఎన్నిసార్లు పోయానో. కాఫీ తాగి, బస్సుల గురించి మాట్లాడి వచ్చేస్తాను. ఈ పత్రిక వాళ్లింటికి వస్తుంది. ప్రకటనలు కూడా వదలకుండా చదువుతాడు. చదివితే ఏమంటాడో తెలియదు. ఏమన్నా పడతాను. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. తప్పు మా బావ చేతిలో ఏనాడూ లేదు. నా నోట్లో ఉండింది. ఇప్పుడు బయటికి వచ్చింది.