వరుసలో నిలబడ్డ సంచీ

మాస్కులు తీసేసిన మరుసటి ఏడాది మార్చిలో నన్ను మా జిల్లాలకు దగ్గరలో ఉన్న విమానాశ్రయానికి బదిలీ చేశారు. భద్రతా దళంలో అది నాకు ఐదో ఏడు, హోదా ఎస్సై. తర్వాత రెండేళ్ళకు, ముప్పై ఒకటో ఏట, ఉద్యోగానికి రాజీనామా చేశాను. ఇంత చిన్న వయసులో ఉద్యోగ జ్ఞాపకాలేమిటని అడిగేవారున్నారు. ఆ ఏడేళ్ళూ మనుషులను ప్రశ్నలు అడగడమే నా పని. ఒక ప్రశ్నను తప్పుగా అడిగిన రోజు గురించి రాయడానికి తల నెరవనక్కరలేదనుకుంటాను.

బదిలీకి కారణం భాష. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చే ప్రయాణికుల్లో చాలామందికి హిందీ రాదు. మా దళంలో ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళు. నాది నౌపడ దగ్గరి ఊరు. ఎచ్చెర్లలో పీజీ చదివిన రెండేళ్ళూ చర్చా పోటీలకు వెళ్ళేదాన్ని. ఎదుటివారి వాదనలో ఖాళీ ఎక్కడుందో పట్టుకుని, తప్పించుకోవడానికి వీలులేని ప్రశ్న వేయడం అక్కడే నేర్చుకున్నాను. ఈ ఉద్యోగానికి అంతకంటే మంచి శిక్షణ ఉండదని అప్పట్లో నా నమ్మకం.

నాకు అప్పగించిన చోటును కాగితాల మీద ‘ప్రాధాన్య తనిఖీ మార్గం’ అంటారు. అందరూ పిలిచేది ఫాస్ట్ లైన్ అని. ఖరీదైన టికెట్ కొన్నవాళ్ళు, విమాన సిబ్బంది, చంటిపిల్లల తల్లులు, అరవై దాటినవాళ్ళు ఇందులో రావచ్చు. గేటు మూసే వేళ దగ్గరపడ్డవాళ్ళను విమాన సంస్థ ఉద్యోగులు స్వయంగా వెంటబెట్టుకొచ్చి ఇక్కడ అప్పగిస్తారు. ఈ లైనులో తనిఖీ తక్కువని చాలామంది అపోహ. తగ్గేది నిరీక్షణ మాత్రమే. మెటల్ డిటెక్టర్ ద్వారం, చేతి పరికరంతో ఒంటి తనిఖీ, సామానుకు ఎక్స్‌రే అన్నీ మామూలు లైనులో ఉన్నట్టే ఉంటాయి. “ఫాస్టన్నారు, మళ్ళా బెల్టు తియ్యమంతారేటి మేడమ్?” అని గల్ఫ్‌కు తిరిగి వెళ్తున్న ఒక వెల్డరు నాతో చాలాసేపు వాదించాడు. టికెట్ బలంతో వచ్చినవాళ్ళు చేతి పరికరం ఒంటికి దగ్గరైతే చాలు, అవమానం జరిగినట్టు చూసేవారు. ఆలస్యమై వచ్చినవాళ్ళు మాత్రం దారిపొడుగునా ప్రతివారికీ క్షమాపణ చెప్పుకుంటూ నడిచేవారు. ఒకే లైను ఒకరికి హక్కుగా, మరొకరికి అప్పుగా కనిపించడం నాకు ఆసక్తిగా ఉండేది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం. హైదరాబాద్ విమానానికి గేటు మూయడానికి ఇంకా ముప్పై ఐదు నిమిషాలుంది. విమాన సంస్థ ఉద్యోగిని ఒకామె ఇద్దరు స్త్రీలను నా దగ్గరికి తీసుకొచ్చింది. ఒకరు సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చిన నూకాలమ్మ, ఇంకొకరు ఆమె అత్త. నూకాలమ్మ భర్త గుజరాత్‌లో ఒక రేవులో చేపల పడవ మీద పనిచేస్తాడు. ముందురోజు ఇంజను దగ్గర కాలు ఇరుక్కుని నలిగిపోయింది, స్పృహ లేదు. ఆపరేషన్‌కు ఇంటివాళ్ళ సంతకం కావాలి, ఆ సాయంత్రం దాటితే కాలు దక్కదని డాక్టర్లు చెప్పారట. హైదరాబాద్‌లో దిగి మరో విమానం పట్టుకోవాలి. ఇది తప్పితే మర్నాటి దాకా దారి లేదు. వాళ్ళెక్కిన బస్సు దారిలో ఆగిపోయి ఆలస్యమైంది. అంతా విని వాళ్ళను లైనులోకి పంపి, స్త్రీల ఒంటి తనిఖీ కోసం నేను తెరగది లోపలికి వెళ్ళాను.

కొద్ది నిమిషాలకు బయటికి వచ్చి చూస్తే, లైనులో ఇద్దరు మనుషుల మధ్య నీలం రంగు జిప్పు సంచీ ఒకటి ఒంటరిగా ఉంది. నేను చూస్తుండగానే లైను ఒక అడుగు జరిగింది. సంచీ కూడా జరిగింది. వెనక నిలబడ్డ పెద్దాయన తన పెట్టెను ఒక చేత్తో లాక్కుంటూ, సంచీని కాలితో మెల్లగా ముందుకు నెట్టాడు. మళ్ళీ జరిగింది, మళ్ళీ నెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ అది వింతగా లేదు.

నాకూ వింత కాకూడదు. మా ఊళ్ళలో కుళాయి దగ్గర బిందె పెట్టి ఇంటికెళ్తారు, రేషన్ డిపో ముందు సంచీ పెట్టి టీ తాగొస్తారు. వస్తువు నిలబడితే మనిషి నిలబడ్డట్టే లెక్క. వెనకున్నవాళ్ళు దాన్ని ముందుకు జరుపుతారు, అది మర్యాద. కాని విమానాశ్రయంలో మనిషి లేని సామానుకు ఒక్కటే అర్థం. ముందు చుట్టుపక్కల విచారించాలి, తర్వాత మైకులో ప్రకటించాలి, అప్పటికీ ఎవరూ రాకపోతే ఆ చోటు ఖాళీ చేయించి బాంబు స్క్వాడ్‌ను పిలవాలి. అంతవరకు వస్తే ఆ పూట విమానాలన్నీ ఆలస్యమవుతాయి.

సంచీ నూకాలమ్మదే కావచ్చునని నాకు అనుమానం కలిగింది. కాని అనుమానాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదన్నది నా నియమం. పెద్దాయననే అడిగాను. ఆయన పేరు అప్పలనాయుడు, పాతపట్నం దగ్గర వరి రైతు. అరవై దాటినందువల్ల ఫాస్ట్ లైనులో ఉన్నాడు. తెల్లటి పంచె, భుజాన జరీ కండువా.

“ఒకావిడ ఎట్టీసి ఎల్నాదమ్మా. అత్త బాత్రూముకెల్లి ఇంకా రానేదని తేడానికి ఎల్నాది. వచ్చేస్తాది,” అన్నాడు.

“ఆవిడ పేరేమిటి?”

“పేరడగనేదు.”

“ఏ విమానం?”

“నాకేటి తెలుస్తాదమ్మా?”

“లోపల ఏముందో చూశారా?”

“ఎవుల్దో సంచీ నానెందుకు సూత్తాను?”

చర్చావేదిక మీద ఇలాంటి క్షణం కోసమే ఎదురుచూసేవాళ్ళం. పేరు తెలియదు, ప్రయాణం తెలియదు, లోపల ఏముందో తెలియదు. “అంటే ఈ సంచీకి ఇక్కడ బాధ్యులెవరూ లేరన్నమాట. ఇది ఎవరిదో ఒక్క నిమిషంలో చెప్పండి. లేకపోతే లైనంతా వెనక్కి పంపి బాంబు స్క్వాడ్‌ను పిలుస్తాను,” అన్నాను. తర్కం సరిగ్గానే ఉంది. మైకు ప్రకటన అన్న మధ్య మెట్టును దాటేసి చివరి మెట్టును ముందు పెట్టానని మాత్రం అప్పుడు గమనించలేదు.

అప్పలనాయుడు గోడ గడియారం చూశాడు, బాత్రూముల వైపు చూశాడు, నా వైపు తిరిగాడు. “నాదేనమ్మా. ఈ సంచీ నాది. సాలా?”

అబద్ధమని నాకు తెలుసు, లైనులో అందరికీ తెలుసు. కాని సొంతదారుడు దొరికాక అది ఇక మనిషి లేని సామాను కాదు. ఆయన సామానుగానే ఎక్స్‌రేకు పంపాను. తెర ముందున్న కానిస్టేబుల్ బెల్టు ఆపేశాడు. బట్టల మధ్య, రెండు రెక్కలు కలిసిన ఇనుప వస్తువు. ఏముందని అడిగితే, “బట్టలే నాయినా, ఇంకేటుంటాయి?” అన్నాడు అప్పలనాయుడు. తెరిస్తే రెండు చీరలు, గుజరాత్ నుంచి ఫోన్‌లో పంపితే అచ్చు తీయించిన ఆస్పత్రి కాగితాలు, వక్కల తిత్తి, అందులో అడకత్తెర. పదునున్న వస్తువు, పైగా దాని గురించి సొంతదారుడే తప్పుగా చెప్పాడు. ఈ రెండూ కలిస్తే ఎస్సై స్థాయిలో వదిలే వీలు లేదు. ఇన్‌స్పెక్టర్‌ను పిలవాలి. పిలిచాను.

అదే సమయానికి నూకాలమ్మ అత్తను చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కుంటూ పరుగెత్తుకొచ్చింది. “నా సంచేది? ఇక్కడెట్టీసి ఎల్నాను!”

సంచీ ఈయనదట కదా అని కానిస్టేబుల్ అనేసరికి, బల్ల మీద పరిచి ఉన్న తన చీరలను చూసి అత్త అప్పలనాయుడి వైపు తిరిగింది. “ఈ మావెవులే? నా సంచీ తనదంతన్నాడేటి?”

“నీ సీరలు నాకేల అప్పా? అట్టుకుని బేగి ఎల్లు,” అన్నాడాయన.

కానిస్టేబుల్ అడకత్తెరను ఎత్తి చూపించాడు. ముసలామెకు ఒళ్ళు మండిపోయింది. “వక్కలు కత్తిరించుకునేది బాబూ అది! దాంతో నీ ఇమానాన్ని కోసేత్తానేటి?” లైనులో నవ్వులు. నూకాలమ్మ నవ్వలేదు. “అత్తా, నువ్వూరుకో! అది పారేసుకోండి మేడమ్, సంచీ కూడా ఉంచేసుకోండి. మమ్మల్ని ఒగ్గేయండి. ఆడికి కాలుండాల, నేనెల్లకపోతే ఉండదు,” అంది. అప్పటికి గేటు మూయడానికి పద్నాలుగు నిమిషాలుంది.

ఇన్‌స్పెక్టర్ రాజస్థాన్ వ్యక్తి, నిదానస్తుడు. నేను హిందీలో సంగతి చెప్పాను. ఆయన సంచీ సంగతిని, అబద్ధం సంగతిని విడదీశాడు. సంచీ నూకాలమ్మదని ఆస్పత్రి కాగితాల మీద భార్యగా ఉన్న ఆమె పేరే చెబుతోంది. అడకత్తెర తీసేసుకుని, సంచీని మళ్ళీ ఎక్స్‌రే చేసి, ఇద్దరినీ పంపించమన్నాడు. వాళ్ళ ఒంటి తనిఖీ నేనే చేశాను. తొమ్మిది నిమిషాలు మిగిలి ఉండగా వాళ్ళు గేటు వైపు వెళ్ళారు. అత్త వెళ్తూ వెళ్తూ అడకత్తెర పడేసిన డబ్బా వైపు ఒకసారి చూసుకుంది.

అప్పలనాయుడిని మాత్రం ఆపాల్సి వచ్చింది. తనిఖీలో తెలిసి తప్పు చెప్పినవారి వాంగ్మూలం రాయించుకుని, ఇన్‌స్పెక్టర్ సంతకమయ్యే వరకు పంపకూడదు. ఆయనదీ అదే విమానమని బోర్డింగ్ కార్డు చూశాక గాని నాకు తట్టలేదు. నేను కాగితం తీస్తుండగా ఆయన ఫోన్ చేసుకుంటానని అడిగాడు.

“ఒరే తమ్ముడూ, బుట్ట నువ్వట్టుకో. నాకోసం సూడకండి. ముహూర్తం ఆగుద్దేటి? ... ఏటీ నేదు, ఎవుల్దో సంచీ నాదన్నాను. ... నవ్వకురా ఎదవా, పోలీసమ్మ ఎదురుగా ఉన్నాది.”

అప్పుడు తెలిసింది. ఆయన పెళ్ళికూతురికి మేనమామ. పెళ్ళి ఆ మధ్యాహ్నం హైదరాబాద్‌లో. పిల్లను బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసినవాడు ఆయనే. ఇది తప్పితే మళ్ళీ సీటున్నది సాయంత్రం విమానంలోనే. ఇంత ముఖ్యమైన పని ఉండి అబద్ధం ఎందుకు చెప్పారని అడిగాను. ఈసారి ప్రశ్నలో ఉచ్చు లేదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

“మరేటి సెప్పమంతావమ్మా? ముందు నిజమే సెప్పినాను కదా. నీకు సరిపోనేదు. నువ్వు బాంబోల్లని పిలుస్తానన్నావు. పిలిస్తే ఆవిడ ఎల్నట్టే? నీకు సరిపడీది ఏటో సూసి అది సెప్పినాను.”

వాంగ్మూలంలో ఆయన జవాబుకు పైన నా ప్రశ్నను, దానికి జోడించిన హెచ్చరికతో సహా, అన్నది అన్నట్టు రాశాను. మైకులో ప్రకటన చేయలేదన్న సంగతీ రాశాను. ఇన్‌స్పెక్టర్ చదివి, ఆ రెండు వాక్యాలూ ఎవరూ అడగలేదు కాబట్టి కొట్టేయమని సలహా ఇచ్చాడు. నా మంచికే చెప్పాడు. ప్రశ్న లేకుండా జవాబు మాత్రం దాఖలు చేస్తే అది సగం నిజమవుతుందని, కొట్టేయనని చెప్పాను. ఆయన అలాగే సంతకం చేశాడు. ఆ రెండు వాక్యాల వల్ల అప్పలనాయుడు కేసు లేకుండా మందలింపుతో బయటపడ్డాడు, నాకు మెమో వచ్చింది. అది న్యాయమే. కాని ఇవన్నీ పూర్తయ్యేసరికి విమానం వెళ్ళిపోయింది. ఆయన ఆ పగలంతా కుర్చీలో కూర్చుని, వీడియో కాల్‌లో పెళ్ళి చూసి, తమ్ముడు బుట్టను వంకరగా పట్టుకున్నాడని ఫోన్‌లోనే కేకలేసి, సాయంత్రం విమానం ఎక్కాడు.

నూకాలమ్మకు రెండో విమానం అందిందని విమాన సంస్థ ఉద్యోగిని మర్నాడు చెప్పింది. ఆమె భర్త కాలు సంగతి నాకు తెలియదు. ఈ వృత్తిలో మనుషులు మన ముందు నుంచి వెళ్ళాక వాళ్ళ కథ మనకు అందదు.

ఆ మెమోకు జవాబు రాస్తూ నేను మూడు మార్పులు ప్రతిపాదించాను, రెండింటికి ఒప్పుకున్నారు. ఫాస్ట్ లైనులోకి పంపేటప్పుడే, సంచీని వదిలి పక్కకు వెళ్ళకూడదని మా వైపు మాటల్లో ఒకసారి చెప్పడం మొదటిది. విచారణలో ‘ఇది ఎవరిది’ అనే ముందు ‘మీరేం చూశారు’ అని అడగడం రెండోది. ఒప్పుకోని మూడోదాన్ని నేను మిగిలిన సర్వీసంతా సొంతంగా పాటించాను. ప్రశ్న అడిగేటప్పుడు శిక్ష పేరెత్తలేదు.

నియమం తప్పని గాని, అబద్ధం ఒప్పని గాని ఈ సంఘటన నాకు నేర్పలేదు. ఆ సంచీలో నిజంగా ప్రమాదముంటే, అప్పలనాయుడి మంచితనమే దాన్ని జనం మధ్యనే ఉంచి ఉండేది. నేర్చుకున్నది ఇంతే. అసంపూర్ణంగా ఉందని నేను తోసిపుచ్చిన మొదటి జవాబు నిజం. ఏ ఖాళీ లేకుండా వచ్చిన రెండో జవాబు అబద్ధం. ఆ రెండోదాన్ని ఆయన చేత చెప్పించింది నా ప్రశ్న.